సీలింగ్ లైటు బిగించేముందు: స్విచ్ ఆపితే చాలదు, మెయిన్ దించినా చాలదు

పాత బల్బు హోల్డర్ తీసేసి ఆ జాగాలో కొత్త ఎల్‌ఈడీ ప్యానెల్ బిగించడానికి అరగంట పడుతుంది. రెండు వైర్లు కలపాలి, రెండు మూడు స్క్రూలు తిప్పాలి. అంత చిన్న పని కాబట్టే చాలామంది గోడ మీది స్విచ్ ఒకటి ఆపేసి స్టూలెక్కేస్తారు. స్విచ్ ఆపితే బల్బు ఆరుతుంది. పైన హోల్డర్ దగ్గరి వైర్లలో కరెంటు పోయిందో లేదో దాన్నిబట్టి చెప్పలేం. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ దించినా చెప్పలేం. అందుకే ఈ పోస్టులో ఎక్కువ భాగం వైరు ముట్టుకోకముందు చేయాల్సిన పని గురించే ఉంటుంది.

ఉదాహరణకి స్లాబుకి నేరుగా బిగించే 15 వాట్ల గుండ్రని ప్యానెల్ తీసుకుందాం. పాయింటు ఇప్పటికే ఉంది, పైన బాక్సులోంచి రెండు వైర్లు వస్తున్నాయి. ఉన్న పాయింటులో లైటు మార్చుకోవడం, పోయిన స్విచ్ మార్చుకోవడం లాంటివి ఇంటివాళ్లు చేసుకోవచ్చు. కొత్తగా పైపు వేసి కొత్త పాయింటు లాగడం, డీబీలో, అంటే ఇంటి మెయిన్, ఎంసీబీలు ఉండే పెట్టెలో, మార్పులు చేయడం మాత్రం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేతే చేయించాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. ఈ గీత దాటకండి.

ముందు స్విచ్ సంగతి. స్విచ్ ఫేజు వైరులో, అంటే కరెంటు తెచ్చే వైరులో, ఉండాలి. అప్పుడు అది ఆపితే లైటు దాకా ఫేజు రాదు. కానీ పాత ఇళ్లలో, ముఖ్యంగా బోర్డులు ఒకటికి రెండుసార్లు మార్చిన ఇళ్లలో, స్విచ్ న్యూట్రల్‌లో, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరులో, పడి ఉండటం మామూలే. అలాంటి చోట స్విచ్ ఆపితే న్యూట్రల్ తెగి బల్బు ఆరుతుంది, హోల్డర్ దగ్గర 230 వోల్టులూ అలాగే ఉంటాయి. మెట్ల దగ్గర కింద ఒకటి, పైన ఒకటి స్విచ్‌లు ఉండే లైటుకి ఇంకో చిక్కుంది. కొందరు వైరు ఆదా చేయడానికి రెండు స్విచ్‌లకీ ఫేజు, న్యూట్రల్ రెండూ ఇచ్చేస్తారు. అలా చేసిన చోట లైటు ఆరి ఉన్నప్పుడు హోల్డర్‌లో రెండు పిన్నులకీ ఫేజే ఉండవచ్చు.

ఇంకొకటి, సీలింగ్ బాక్సులో ఈ లైటుకి సంబంధించిన వైర్లే ఉండాలని లేదు. పక్క గది ఫ్యానుకి వెళ్లే న్యూట్రల్ ఇక్కడే అతికి ఉండవచ్చు, బాల్కనీ లైటు ఫేజు ఇక్కడి నుంచే పోయి ఉండవచ్చు. మీ స్విచ్‌కి వాటితో సంబంధమే లేదు. న్యూట్రలే కదా అని ఆ అతుకు విప్పినా ప్రమాదమే. అవతల ఫ్యాను ఆన్‌లో ఉంటే ఫేజు ఆ ఫ్యాను చుట్టల గుండా వచ్చి మీరు విప్పిన కొసలో నిలబడుతుంది. అది ముట్టుకుంటే న్యూట్రల్ వైరే షాక్ కొడుతుంది. త్రీ ఫేజ్ కనెక్షన్ ఉండి, రెండు మూడు ఫేజులకీ ఒకే న్యూట్రల్ వాడిన ఇంట్లో కరెంటు ఉండగా ఆ న్యూట్రల్ విప్పితే టీవీ, ఫ్రిజ్ లాంటి వాటి మీదకి 400 వోల్టుల దాకా వచ్చి కాలిపోతాయి.

కాబట్టి మెయిన్ దించాలి. డీబీలో లైట్ల ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే దిగే స్విచ్) ఒక్కటి దించితే సరిపోదు. ఒంటి పోలు ఎంసీబీ ఒక వైరునే తెంపుతుంది. ఎప్పుడో మీటరు దగ్గరో స్తంభం దగ్గరో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటే అది తెంపేది న్యూట్రల్‌నే. రెండు వైర్లనీ ఒకేసారి తెంపే డబుల్ పోల్ మెయిన్ దించండి. ఇంకా ఫ్యూజు క్యారియర్లు ఉన్న ఇంట్లో మెయిన్ స్విచ్ దించి, క్యారియర్ కూడా ఊడదీసి జేబులో పెట్టుకోండి.

ఇప్పుడు ఇన్వర్టర్. మెయిన్ దించగానే ఇన్వర్టర్ లోపల టిక్‌మని చిన్న చప్పుడవుతుంది. ఊళ్లో కరెంటు పోయిందనుకుని అది బ్యాటరీ నుంచి 230 వోల్టులు తయారుచేసి లైట్లు, ఫ్యాన్ల లైనులోకి పంపడం మొదలుపెట్టిందన్నమాట. మీరు పని చేయబోయేది ఆ లైన్లోనే. దాని ముందు బటన్ ఒక్కటి ఆపితే సరిపోతుందని అనుకోవద్దు. ఇళ్లలో వాడే ఇన్వర్టర్లలో చాలావాటికి ఆ బటన్ బ్యాటరీ సరఫరాని మాత్రమే ఆపుతుంది. మెయిన్ కరెంటు ఉన్నంతసేపు దాన్ని లోపలి నుంచే నేరుగా లైట్లకి పంపుతూనే ఉంటుంది. అంటే మెయిన్ ఒక్కటే దించితే బ్యాటరీ కరెంటు వస్తుంది, ఇన్వర్టర్ ఒక్కటే ఆపితే మెయిన్ కరెంటు వస్తుంది. రెండూ ఆపాలి. ముందు ఇన్వర్టర్ బటన్ ఆపి, ఆ తరవాత మెయిన్ దించి, ఇన్వర్టర్ ప్లగ్గు కూడా సాకెట్ నుంచి లాగేయండి. ఆపైన ఇంట్లో ప్రతి గదిలో ఒక లైటు, ఒక ఫ్యాను స్విచ్ వేసి చూడండి. ఏ ఒక్కటి వెలిగినా, తిరిగినా ఎక్కడో ఇంకో దారి ఉన్నట్టే.

ఆ ఇంకో దారి అపార్టుమెంట్లలో జనరేటర్ కావచ్చు. ఫ్లాటుకి బయటి కరెంటు ఆగిందని కనిపెట్టి జనరేటర్ లైనుకి తనంతట తానే మారే పరికరం ఉంటుంది. మీరు దించిన మెయిన్ ఆ పరికరానికి ముందు ఉందా, తరవాత ఉందా అన్నది చూసుకోవాలి. ముందు ఉంటే, జనరేటర్ నడుస్తున్నప్పుడు మీ మెయిన్ దిగి ఉన్నా ఇంట్లో కరెంటు ఉంటుంది. డాబా మీద సోలార్ పెట్టించుకున్నవాళ్లలో బ్యాటరీ లేనివాళ్లకి ఈ చిక్కు లేదు, గ్రిడ్ పోతే ఆ ఇన్వర్టర్ ఆగిపోయేలాగే చేస్తారు. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ రకమైతే మామూలు ఇన్వర్టర్ లాగే అది కూడా ఆపాలి.

మెయిన్ దించాక ఇంట్లో అందరికీ చెప్పండి. ఫ్యాను ఆగిందని లోపలి నుంచి పెద్దవాళ్లెవరో లేచివచ్చి డీబీ తలుపు తీసి ఎంసీబీ పైకి ఎత్తేస్తారు. మన ఇళ్లలో అది చాలా సహజంగా జరిగిపోయే పని. ఎంసీబీ మీట మీద అడ్డంగా ఇన్సులేషన్ టేపు వేసి, పైన ఎవరో పని చేస్తున్నారని కాగితం అంటించండి. వీలైతే ఒక మనిషిని అక్కడే కూర్చోబెట్టండి.

దీని తరవాతే పరీక్ష. మామూలు నియాన్ టెస్టర్ ఫేజు ఉందని చెబితే నమ్మొచ్చు, లేదని చెబితే నమ్మకూడదు. దాని లోపలి చిన్న దీపం వెలగాలంటే కరెంటు మీ ఒంటి గుండా నేలకి పోవాలి. పొడి చెక్క స్టూలు మీద రబ్బరు చెప్పులతో నిలబడితే అది మసగ్గా వెలగవచ్చు, అసలు వెలగకపోవచ్చు. పగటి వెలుతురులో ఆ మసక కనిపించదు కూడా. వెనక టోపీ మీద వేలు సరిగా ఆనకపోయినా అంతే. అందుకని మూడు మెట్లు తప్పకుండా పాటించండి. మెయిన్ దించకముందే కరెంటు ఉందని తెలిసిన సాకెట్‌లో టెస్టర్ వెలుగుతోందా చూడాలి. మెయిన్ దించాక పైన వైర్లలో చూడాలి. పని ముట్టుకోబోయే ముందు అదే టెస్టర్ ఇంకా పనిచేస్తోందని మళ్లీ కరెంటు ఉన్న చోట, పక్కింట్లోనైనా సరే, చూసుకోవాలి.

టెస్టర్ కంటే మంచిది మల్టీమీటర్. 500 రూపాయల లోపే మామూలుది దొరుకుతుంది. ఏసీ 600 లేదా 750 వోల్టుల దగ్గర పెట్టి, పైన వైర్లలో ఏ రెండింటి మధ్య చూసినా, ప్రతి వైరుకీ ఎర్తుకీ మధ్య చూసినా సున్నాకి దగ్గరగా ఉండాలి. ఒక్కోసారి 40, 60 అని చూపిస్తుంది. అది పైపులో పక్క వైరు నుంచి ఆవహించిన ఉత్తుత్తి వోల్టేజీ కావచ్చు, వదులు అతుకు గుండా వస్తున్న నిజమైన కరెంటూ కావచ్చు. రెంటికీ తేడా తెలియాలంటే టెస్ట్ ల్యాంపు పెట్టాలి. ఎలక్ట్రీషియన్లు వాడేది ఇదే, ఒక హోల్డరు, రెండు వైర్లు, 40 వాట్ల ఫిలమెంటు బల్బు. ఉత్తుత్తి వోల్టేజీ అయితే ల్యాంపు తగిలించగానే మీటరు అంకె కూలిపోతుంది. నిజమైనదైతే బల్బు ఎర్రగానైనా కనిపిస్తుంది. అయితే అన్నీ ఆపి ఉన్నప్పుడు ఉత్తుత్తి వోల్టేజీ కూడా రాకూడదు. వస్తే ఏదో లైను ఇంకా బతికే ఉందని అర్థం, దిగిపోయి వెతకండి.

ఈ జాగ్రత్త అంతా ఇంత చిన్న లైటుకా అనిపించవచ్చు. 15 వాట్ల లైటు తీసుకునే కరెంటే 65 మిల్లీ ఆంపియర్లు దాటుతుంది. మనిషి ప్రాణం కాపాడటానికి ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీకి, అంటే కరెంటు లీకైతే తనంతట తానే దిగే స్విచ్‌కి, నిర్ణయించిన హద్దు 30 మిల్లీ ఆంపియర్లు. ఆరు ఆంపియర్ల ఎంసీబీకి మనిషికి షాక్ కొడుతున్న సంగతే తెలియదు, దాని లెక్కలో అది లెక్కకి రానంత చిన్న కరెంటు. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో కూడా, ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అది దిగదు, ఎందుకంటే వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లోనే తిరిగి వచ్చేస్తోంది. ఇన్వర్టర్ బ్యాటరీ మీద నడిచేటప్పుడు చాలా ఇళ్లలో ఆ లైను ఆర్‌సీసీబీ గుండా పోదు. పైగా స్టూలు మీద ఉన్నవాడికి చిన్న షాక్ తగిలినా ఉలిక్కిపడి పడిపోతాడు, తల నేలకో మంచం కోడుకో తగులుతుంది. అల్యూమినియం నిచ్చెన వద్దు. చెక్కదో ఫైబర్‌దో వాడండి. మంచం మీద స్టూలు, స్టూలు మీద పీట ఎప్పుడూ వద్దు.

కొనాల్సినవి కొన్నే. లైటు పెట్టె మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు, అంటే ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల సంఖ్య ఉండాలి. ప్యానెల్‌కి ఐఎస్ 10322, విడిగా వచ్చే డ్రైవర్‌కి ఐఎస్ 15885 అని ఉంటుంది. అరచేతి వెడల్పు డబ్బా మీద ఈ నంబర్లేవీ లేకుండా, వాట్లు మాత్రం పెద్దక్షరాలతో ఉంటే అక్కడే పెట్టేయండి. వైరు పొడవు చాలకపోతే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఐఎస్ 694 గుర్తు ఉన్నది. లైటు పదో వంతు ఆంపియర్ కూడా లాగదు కదా, సన్నవైరు చాలదా అని అడుగుతారు. వైరు మందం లైటుని చూసి కాదు, ఎంసీబీని చూసి ఎంచుకోవాలి. ఎక్కడైనా షార్టయితే ఎంసీబీ దిగేదాకా ఆ వైరు కాలకుండా తట్టుకోవాలి. ఇవికాక నాలుగైదు లివర్ రకం కనెక్టర్లు, 6 మిల్లీమీటర్ల కాంక్రీటు బిట్టు, దానికి సరిపోయే ప్లాస్టిక్ గిట్టీలు, 35 మిల్లీమీటర్ల స్క్రూలు, ఇన్సులేషన్ టేపు.

పాతది విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఏ వైరు ఏ వైరుతో మెలి వేసి ఉందో స్పష్టంగా కనపడేలా రెండు మూడు కోణాల్లో తీయండి. వైరు రంగుల్ని నమ్మవద్దు. ఎరుపు, పసుపు, నీలం ఫేజులకి, నలుపు న్యూట్రల్‌కి, ఆకుపచ్చ ఎర్తుకి అన్నది పద్ధతి. ఇల్లు కట్టేటప్పుడు ఎర్ర చుట్ట అయిపోతే ఎలక్ట్రీషియన్ చేతికి దొరికిన రంగుతో లాగేసి ఉంటాడు, ఆకుపచ్చ వైరులో ఫేజు పోయే ఇళ్లూ ఉన్నాయి. రెండే వైర్లుంటే సులువు. నాలుగు వైర్లుండి రెండేసి కలిపి ఉంటే, ఆ జంటల్ని విడదీయకుండా అలాగే కొత్త లైటుకి ఇవ్వాలి. విడదీస్తే పక్క గది ఆరిపోతుంది.

బాక్సు లోపల ఒకసారి టార్చి వేసి చూడండి. తడి మరకలు, పచ్చటి చిలుము కనిపిస్తే పై డాబా నుంచి వానాకాలంలో నీళ్లు పైపు గుండా దిగుతున్నట్టు. ముందు ఆ ఉరుపు ఆపాలి, తడి బాక్సులో లైటు బిగించడం పనికిరాదు. వైరు తోలు నల్లబడి, వంచితే పెళుసుగా విరిగితే వైరే మార్చాలి. తీసిన చోట రాగి బదులు తెల్లటి లోహం కనిపిస్తే అది పాతకాలపు అల్యూమినియం వైరు. దాన్ని రాగి వైరుతో నేరుగా మెలి వేస్తే కొన్నాళ్లకి అతుకు తుప్పుపట్టి వదులై వేడెక్కుతుంది. ఈ మూడింటిలో ఏది కనిపించినా వైర్‌మన్‌ని పిలవండి.

ఎర్తు గురించి ఒక మాట నొక్కి చెప్పాలి. కొత్త లైటు మీద చతురస్రం లోపల చతురస్రం గుర్తు ఉంటే దానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉందని, ఎర్తు అక్కర్లేదని అర్థం. ఇనుప, ఇత్తడి బాడీ ఉండి ఆకుపచ్చ వైరు గానీ ఎర్తు గుర్తు గానీ ఉంటే ఎర్తు ఇచ్చి తీరాలి. పాత ఇళ్లలో లైటు పాయింటుకి ఎర్తు వైరే ఉండదు. అలాంటప్పుడు కొందరు ఆకుపచ్చ వైరుని న్యూట్రల్‌కి కలిపేస్తారు. ఇది ప్రాణాంతకం. ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజు లైటు బాడీ మొత్తం 230 వోల్టుల మీద ఉంటుంది, బూజు దులిపే మనిషి చెయ్యి దానికి తగులుతుంది. ఎర్తు లేని పాయింటులో రెండు పొరల ఇన్సులేషన్ ఉన్న లైటే పెట్టండి, లేదా పైపులో స్ప్రింగు వైరు తోసి బోర్డు నుంచి ఆకుపచ్చ వైరు లాగించుకోండి.

స్లాబుకి బెజ్జం కొట్టేటప్పుడు పైపు ఏ దిక్కుగా వస్తోందో ముందు చూసుకోవాలి. బాక్సులోకి పైపు తెరుచుకునే వైపు గీత గీస్తే దాదాపు అదే దారిలో పైపు స్లాబులో పడుకుని ఉంటుంది. ఆ గీత మీద బెజ్జం వద్దు. లోతు 40 మిల్లీమీటర్లు దాటకూడదు, బిట్టుకి ఆ కొలత దగ్గర టేపు చుట్టి పెట్టుకోండి. మధ్యలో బిట్టు కదలకుండా కీచుమంటే ఊచ తగిలినట్టు, బలవంతం చేయకుండా అంగుళం పక్కకి జరగండి. కరెంటు అంతా ఆపి పని చేస్తున్నాం కాబట్టి బ్యాటరీ డ్రిల్ అవసరం. వైరున్న డ్రిల్ కోసం ఇంటి కరెంటు మళ్లీ వేస్తే, స్లాబులో కనపడని పైపులో ఉన్న వైర్లు కూడా బతుకుతాయి. అద్దెకైనా బ్యాటరీ డ్రిల్లే తెచ్చుకోండి. కళ్లద్దాలు పెట్టుకోండి, పైనుంచి సిమెంటు నేరుగా కళ్లలోకే రాలుతుంది.

అతుకు దగ్గర నిదానించండి. ఏళ్ల తరవాత పుట్టే లోపాలు ఎక్కువగా ఇక్కడివే. వైరు తోలు 10, 11 మిల్లీమీటర్లు తీయాలి, కనెక్టర్ మీద ఎంత తీయాలో గుర్తు ఉంటుంది. పళ్లతో, బ్లేడుతో తీస్తే రాగి పోగుల్లో నాలుగైదు తెగుతాయి, మిగిలిన పోగుల మీద గంటు పడి తరవాత అక్కడే విరుగుతాయి. స్ట్రిప్పర్ వాడండి. తీసిన పోగుల్ని వేళ్లతో ఒకవైపుకి మెల్లగా మెలితిప్పి, ఒక్క పోగు కూడా బయటికి మిగలకుండా కనెక్టర్‌లో దూర్చి లివర్ దించండి. తరవాత వైరు పట్టుకుని గట్టిగానే లాగి చూడండి. ఊడిరాకూడదు, కనెక్టర్ బయట రాగి కనిపించకూడదు. వట్టి మెలితిప్పి టేపు చుట్టడం మాత్రం మానేయండి. ఎండాకాలంలో పై అంతస్తు స్లాబు కింద, ఫాల్స్ సీలింగ్ లోపల ఆ వేడికి టేపు జిగురు కరిగి జారుతుంది, పొర పొరగా విడిపోతుంది. రెంటచింతల, రామగుండం వైపు ఇళ్లలో మే నెల పైకప్పు వేడి ఎలా ఉంటుందో ఊహించుకుంటే చాలు. లైటు తక్కువ కరెంటు తీసుకున్నా, ఆ అతుకు గుండా పక్క గదుల న్యూట్రల్ పోతుంటే వాటన్నిటి కరెంటూ అక్కడ పోగవుతుంది. వదులుగా ఉంటే వేడెక్కుతుంది.

పొడవు వైరు మీద వేలాడే అలంకరణ లైట్లకి మర హోల్డర్ ఉంటుంది. దాంట్లో ఫేజు అడుగున మధ్యలో ఉండే నాలుకకే ఇవ్వాలి. తిప్పే పెంకుకి ఇస్తే బల్బు మార్చేటప్పుడు వేలికి తగులుతుంది. మన మామూలు పిన్ను హోల్డర్‌కి ఈ తేడా లేదు.

ప్యానెల్ లైటుతో పాటు చిన్న డబ్బా వస్తుంది, అదే డ్రైవర్. ఇంటి వైర్లు కలపాల్సింది డ్రైవర్‌కి మాత్రమే. ప్యానెల్‌కి నేరుగా 230 ఇస్తే ఒక్క క్షణంలో ఎల్‌ఈడీలు పోతాయి. డ్రైవర్ నుంచి ప్యానెల్‌కి వెళ్లే పిన్ను ముందే తగిలించి, ఆ తరవాతే కరెంటు వేయండి. కరెంటు ఉండగా ఆ పిన్ను తగిలిస్తే, ఖాళీగా ఉన్నప్పుడు డ్రైవర్ కొసల్లో పెరిగిన వోల్టేజీ ఒక్కసారిగా ఎల్‌ఈడీల మీద పడి అవి కాలిపోతాయి. చవక డ్రైవర్లలో ఎల్‌ఈడీ వైపుని ఇంటి కరెంటు నుంచి వేరుచేసే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కాబట్టి డీసీ వైపే కదా అని ఆ సన్న వైర్లని కరెంటు ఉండగా ముట్టుకోకూడదు, అవి కూడా షాక్ కొడతాయి. ఫ్యాన్ రెగ్యులేటర్ గుండా వచ్చే పాయింటుకి మామూలు ఎల్‌ఈడీ ప్యానెల్ పెట్టవద్దు, మిణుకుతూ ఉండి త్వరగా పోతుంది.

ఫాల్స్ సీలింగ్ ఉంటే లోపలికి దూరే రకం లైటు. బెజ్జం కొలత పెట్టె మీద ఉన్నదే తీసుకోండి, 15 వాట్లు అన్నంత మాత్రాన అన్ని కంపెనీలదీ ఒకే కొలత ఉండదు. స్ప్రింగు క్లిప్పులు జిప్సం బోర్డు మీద ఆనాలి, ఇనుప పట్టీ మీద కాదు. డ్రైవర్‌ని లైటు మీదే పెట్టకుండా ఓ పక్కకి జరపండి, దాని మీద టీఏ అని రాసి ఉన్న అంకె చుట్టుపక్కల గాలి ఎంత వేడిదాకా తట్టుకుంటుందో చెబుతుంది. అక్కడ వేడి ఆ అంకె దాటితే డ్రైవర్ త్వరగా పోతుంది.

షాండ్లియర్ లాంటి బరువు ఉన్నదైతే జిప్సం బోర్డుకి వేలాడదీయవద్దు, వైరుకి అసలే వద్దు. స్లాబులోని ఫ్యాను హుక్కుకో, స్లాబుకి వేసిన యాంకర్ బోల్టుకో గొలుసు పట్టించి, వైరు గొలుసు పక్కన వదులుగా ఉండాలి. వైరు బిగుసుకుపోయి ఉంటే బరువు దాని మీద పడుతున్నట్టే.

అంతా బిగించాక టేపు తీసి ముందు మెయిన్ ఒక్కటే ఎత్తండి, ఇన్వర్టర్ తరవాత. లైటు స్విచ్ వేసి, టెస్టర్‌తో లైటు లోహపు అంచు తాకి చూడండి, వెలగకూడదు. మెయిన్ ఎత్తగానే ఆర్‌సీసీబీ దిగిపోతే చాలామంది కొత్త లైటులో షార్ట్ ఉందనుకుంటారు. ఎక్కువగా కారణం వేరే ఉంటుంది. బాక్సులో న్యూట్రల్ ఎక్కడో ఎర్తుకి తగులుతూ ఉంటుంది, లేదా ఫేజు ఒక లైను నుంచి, న్యూట్రల్ ఇంకో లైను నుంచి, ముఖ్యంగా ఇన్వర్టర్ లైనుదీ మామూలు లైనుదీ, కలిసిపోయి ఉంటాయి. ఆర్‌సీసీబీ వెళ్లే కరెంటునీ తిరిగొచ్చే కరెంటునీ లెక్కపెడుతుంది, ఇంకో దారిలో తిరిగొస్తే లెక్క తప్పిందని దిగుతుంది. ఫొటో చూసుకుని సరిచేయండి. దిగుతోందని ఆర్‌సీసీబీని తీసేసి నేరుగా కలిపించుకోవడం మాత్రం చేయకండి.

పని చేసేటప్పుడు ఎవరికైనా షాక్ కొడుతుంటే వాళ్లని చేత్తో పట్టుకుని లాగవద్దు. ముందు మెయిన్, దానితో పాటు ఇన్వర్టర్ ఆపాలి. అందకపోతే పొడి కర్రతో వైరుని నెట్టాలి. వెంటనే 108కి ఫోన్. లేచి బాగానే ఉన్నాడనిపించినా డాక్టరుకి చూపించాలి, గుండె లయ తప్పడం కాసేపటి తరవాత కూడా బయటపడవచ్చు.

చివరగా, కొత్త ఎల్‌ఈడీ పెట్టినవాళ్లలో చాలామంది అడిగేది. స్విచ్ ఆపాక కూడా రాత్రి చీకట్లో లైటు సన్నగా మిణుకుతోంది, ఎందుకని. స్విచ్ మీద ఎర్రగా వెలిగే చిన్న ఇండికేటర్ ఉంటే దాని గుండా పోయే పిసరంత కరెంటు చాలు, ఇండికేటర్ లేని స్విచ్ పెడితే ఆగిపోతుంది. ఇండికేటర్ లేకపోతే అనుమానించాల్సింది మొదట చెప్పుకున్న తప్పుని, అంటే స్విచ్ న్యూట్రల్‌లో ఉండటాన్ని. పాత ఫిలమెంటు బల్బుకి ఆ తప్పు కనపడేది కాదు, ఎల్‌ఈడీ దాన్ని బయటపెట్టింది. మూడు పిన్నుల సాకెట్‌కి ఎదురుగా నిలబడి, పెద్ద బెజ్జం పైన ఉండగా చూస్తే టెస్టర్ కుడివైపు బెజ్జంలో వెలగాలి. ఒక్క గదిలోనే ఎడమవైపు వెలుగుతుంటే ఆ గది బోర్డులో వైర్లు తారుమారయ్యాయి, వైర్‌మన్ పది నిమిషాల్లో సరిచేస్తాడు. ఇల్లంతా ఎడమవైపే వెలుగుతుంటే తేడా డీబీ దగ్గరో మీటరు దగ్గరో ఉంది. మీటరు, సర్వీసు వైరు మీరు ముట్టుకోకండి. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, అది సరిచేసేదాకా ఆ ఇంట్లో బల్బు మార్చాలన్నా మెయిన్ దించే మార్చండి.